సాండా నూనె కొనే అన్నలకి, తమ్ముళ్ళకి, దాని మీద రీల్స్ చేసేవాళ్ళకి జైసల్మేర్ నుంచి ఒక బహిరంగ లేఖ

అన్నలకి, తమ్ముళ్ళకి నమస్తే.

నాది నంద్యాల పక్కన ఒక పల్లెటూరు. ఐదేళ్ళ నుంచి రాజస్థాన్‌లో, జైసల్మేర్ జిల్లాలో ఒక సోలార్ సైట్‌లో పని చేస్తున్నా. దీపావళి అయిన రెండు రోజులకి మా ఊరి దోస్తు ఒకడు వాట్సాప్‌లో ఒక లింక్ పంపించి, "రేయ్, నువ్వు ఆడనే ఉన్నావు కదా, ఇదంతా డూప్లికేట్ అంట, ఒరిజినల్ సాండా నూనె ఒక రెండు సీసాలు సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా, ఎంతైనా ఇస్తా" అని వాయిస్ మెసేజ్ పెట్టినాడు. లింక్ నొక్కితే ఒక సీసా, సీసా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, పక్కన ఒక బల్లి బొమ్మ, కింద రివ్యూలు. సాండా అనే ఎడారి బల్లి కొవ్వుతో తీసిన నూనె, రుద్దితే మగతనం పెరుగుతుంది అని ప్రచారం. అందులో కొన్ని తెలుగులో! ఒకాయన "వారం వాడినాను, పర్లేదు" అని మూడు స్టార్లు కూడా ఇచ్చినాడు. ఆ తర్వాత నా ఫోన్‌కి ఏమైందో ఏమో, వరసబెట్టి అవే రీల్స్, మన భాషలోనే, వెనకాల మ్యూజిక్ పెట్టి "రాజస్థాన్ ఎడారి రహస్యం" అని ఒకరు, "రాజులు వాడిన తైలం" అని ఇంకొకరు.

ఆ సీసా మీద ఉన్న బల్లిని నేను రోజూ చూస్తానయ్యా. మా మెస్ రేకుల షెడ్డు వెనకాల, ఇరవై అడుగుల దూరంలో దాని ఇల్లుంది. అందుకే మా వాడికి రిప్లై ఇవ్వకుండా, వాడితో పాటు మీ అందరికీ కలిపి ఇది రాస్తున్నా. కొంచెం పొడుగైతుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట క్లియర్ చేస్తా. సాండా అంటే ఉడుము కాదు. మన పక్క చాలామంది "అదేలే, ఉడుమే కదా" అంటారు, కాదు. ఉడుము మాంసం తింటుంది, నాలుక పాములాగా చీలి ఉంటుంది, అది వేరే కుటుంబం. సాండా మన తొండకి చుట్టం. అవును, కంచె మీద కూర్చుని తల ఆడించే తొండకే, రెండూ అగామిడే అనే ఒకే కుటుంబం. కాకపోతే ఇది తొండలాగా సన్నగా ఉండదు, బొద్దుగా, నేలకి అణిగినట్టు, తోకతో కలిపి అడుగు నుంచి అడుగున్నర వరకు ఉంటుంది, తోక నిండా రింగులు రింగులుగా ముళ్ళు. ముళ్ళ తోక బల్లి అని తెలుగులో అనుకోవచ్చు కానీ ఇక్కడోళ్ళు సాండా అనే అంటారు, గుజరాత్‌లో కచ్ వైపు సాంఢో అంటారు. సైన్స్ పేరు సారా హార్డ్‌వికీ. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో థామస్ హార్డ్‌విక్ అనే ఆఫీసర్ ఉండేవాడు, ఆయన పేరు మీద 1827లో పెట్టినారు. మొన్నమొన్నటిదాకా దీన్ని యూరోమాస్టిక్స్ అనే గుంపులో కలిపి పెట్టేవాళ్ళు, 2009లో విడదీసినారు. గల్ఫ్‌లో ఉన్న మన జగిత్యాల, నిజామాబాద్ అన్నలకి "దబ్" అంటే టక్కున అర్థమైతుంది, సౌదీలో, కువైట్‌లో అరబ్బులు ఎడారికి పోయి పట్టుకొచ్చి వండుకునేది, అది ఇంకా పెద్దది, ఆ యూరోమాస్టిక్స్ గుంపుది, దీనికి పెద్దన్న అనుకోండి.

మా షెడ్డు వెనకాల సాండాని నేను మొదట చూసింది ఒక ఫిబ్రవరి ఆఖర్లో. అంతకుముందు నాలుగు నెలలు అక్కడ వట్టి నేలే, ఏమీ లేదు, మేము బకెట్లు కడిగి నీళ్ళు పారబోసేవాళ్ళం కూడా. ఒకరోజు పొద్దున తొమ్మిది దాటినాక టీ గ్లాసు పట్టుకొని నిలబడితే నేలలో ఒక చోట మట్టి కదిలింది, ఒక చిన్న మూతలాగా ఉన్న మట్టి పక్కకి జరిగి ఒక ముఖం బయటికొచ్చింది, వచ్చి అట్లే ఆగిపోయింది, పావుగంట. నేను టీ తాగేసినా, ఇంకో టీ తెచ్చుకున్నా, అది ఇంకా తలకాయ మాత్రమే బయట పెట్టుకొని ఉంది. ఆ తర్వాత మెల్లగా ఒళ్ళంతా బయటికి తీసి ఎండకి అడ్డంగా పడుకుంది. అప్పుడు దాని రంగు మసిబొగ్గు కలిపిన బూడిద రంగు, గంట పోయినాక చూస్తే ఇసుక రంగు! నేను వేరే బల్లేమో అనుకున్నా. మా చౌకీదార్ కాకా నవ్వి, చల్లగా ఉన్నప్పుడు నల్లగా ఉంటుంది, వేడెక్కితే తెల్లబడుతుంది, అది దాని పద్ధతి అన్నాడు. నల్లగా ఉంటే ఎండని ఎక్కువ తాగుతుంది, ఒళ్ళు వేడెక్కినాక రంగు తగ్గించుకుంటుంది, మనం పొద్దున దుప్పటి కప్పుకొని మధ్యాహ్నం బనియన్ మీదికి వచ్చినట్టు. బల్లికి మనలాగా లోపల పొయ్యి లేదు, ఒంటి వేడి మొత్తం బయట నుంచి అప్పు తెచ్చుకోవాల్సిందే, అందుకే ఈ టైమింగ్ అంతా.

ఆ కలుగు సంగతి చెప్తా, నాకు ఈ మొత్తంలో ఇష్టమైంది అదే. మెత్తని ఇసుక దిబ్బల్లో సాండా ఉండదు. సినిమాల్లో ఎడారి అంటే చూపించే ఆ దిబ్బలు దానికి పనికిరావు, తవ్వితే కూలిపోతాయి. దానికి కావాల్సింది గట్టి నేల, కొంచెం కంకర కలిసింది, చదునుగా, అక్కడక్కడా గడ్డి ఉండేది. అట్లాంటి చోట ఆరు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుతో, అంటే మన పిడికిలి పట్టేంత, లోపలికి వాలుగా తవ్వుతుంది, నేరుగా కాదు, వంకరటింకరగా, కొన్నిసార్లు మెట్లచుట్టులాగా తిరుగుతూ రెండు మీటర్ల పైన పోతుంది, చివర్లో ఒక చిన్న గది. జూన్‌లో మా దగ్గర నీడలోనే 46, 48 డిగ్రీలు కొడుతుంది, జనవరి రాత్రి చేతులు మొద్దుబారతాయి, ఆ గదిలో మాత్రం రెండూ తెలియవు. ఒక్కో సాండాకి ఒక్కో కలుగు, షేరింగ్ లేదు, పిల్లలు మాత్రం పుట్టిన కొత్తలో కొన్నాళ్ళు తల్లి కలుగులోనే ఉంటాయి. సాయంత్రం లోపలికి పోయేటప్పుడు మట్టితో లోపల నుంచి తలుపు వేసుకుంటుంది. నిజంగా తలుపే. నేలతో సమానంగా మూసేస్తుంది, తెలియనోడు దాని మీద నడుచుకుంటూ పోతాడు. లోపలి చెమ్మ బయటికి పోదు, పాము, ఉడుము లోపలికి రావు.

తరిమితే ఏం చేస్తుందో తెలుసా? పరిగెత్తి కలుగులో దూరి, ఒళ్ళు గాలితో ఉబ్బించి గోడలకి బిగించేసుకుంటుంది, ముళ్ళ తోక మాత్రం గుమ్మం దగ్గర పెట్టి అటూ ఇటూ కొడుతుంది. ఇంటి బల్లి అయితే తోక తెంపి మన మొహాన పారేసి పోతుంది కదా, దీనికి ఆ సౌకర్యం లేదు, తోక తెగితే తెగినట్టే, అందుకే ఆ తోకనే కర్రలాగా వాడుకుంటుంది. ఉడుం పట్టు అని మనం ఉడుముకి పేరిచ్చినాం గానీ, ఇది కలుగులో బిగుసుకున్నాక లాగడం ఎవరి వల్లా కాదు. అందుకే వేటగాళ్ళు లాగరు. తవ్వుతారు, లేదంటే నీళ్ళు పోస్తారు, గుమ్మం దగ్గర ఉచ్చు పెడతారు.

తిండి విషయానికి వస్తే, బల్లుల్లో దాదాపు అన్నీ పురుగులు తినేవే, ఇది మాత్రం మేకలాగా. గడ్డి, ఆకులు, పూలు, గింజలు. మన దేశంలో ప్రధానంగా మొక్కల మీద బతికే బల్లి ఇదొక్కటే అంటారు. పిల్లలుగా ఉన్నప్పుడు పురుగులు బాగా తింటాయి, పెద్దయినాక కూడా వానాకాలంలో మిడతలు, పేడపురుగులు, చెదలు దొరికితే వదలవు, కానీ అసలు భోజనం ఆకే. ఆకు తినడం చెప్పినంత ఈజీ కాదు, పీచు అరగాలంటే కడుపులో సూక్ష్మజీవులు ఉండాలి, అవి పని చేయాలంటే ఒళ్ళు వేడిగా ఉండాలి, అందుకే తిన్నాక కూడా ఎండలో పడుకుంటుంది, మనం బిర్యానీ తిన్నాక పడుకున్నట్టు కాదు, వంట ఇంకా లోపల జరుగుతూ ఉంటుంది. నీళ్ళు తాగడానికి చెరువెక్కడుంది ఇక్కడ? జైసల్మేర్‌లో సంవత్సరం మొత్తం మీద 200 మిల్లీమీటర్ల వాన పడితే పండగ. కాబట్టి ఆకులో ఉండే తేమే దానికి నీళ్ళు. ఎడారి మొక్కల్లో ఉప్పు ఎక్కువ, ఆ ఉప్పుని మూత్రంలో పంపిస్తే నీళ్ళు వేస్ట్, అందుకని ఈ గుంపు బల్లులకి ముక్కులో ఉప్పు వదిలే గ్రంథులున్నాయి, ముక్కు చుట్టూ తెల్లగా పొడిలాగా కనిపించేది అదే. నేను మొదట్లో సున్నం అంటుకుందేమో అనుకున్నా, ప్లాంట్‌లో సివిల్ వర్క్ నడుస్తుండె అప్పుడు.

ఇది తినేవాటిలో ఖేజ్రీ ఉంది. ఖేజ్రీ అంటే ఏదో కాదు, మన జమ్మి చెట్టే. దసరాకి జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్ళు మొక్కుతామే, అదే చెట్టు ఇక్కడ రాజస్థాన్ రాష్ట్ర వృక్షం, అక్కడ తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ అనే ఊర్లో ఈ చెట్లని రాజు మనుషులు కొట్టడానికి వస్తే అమృతాదేవి అనే ఆమె చెట్టుని కావలించుకుని ప్రాణం ఇచ్చింది, ఆమె వెనకాల బిష్ణోయీలు, అంటే చెట్టుని, జంతువుని కాపాడడం ధర్మంగా పెట్టుకున్నోళ్ళు, మొత్తం 363 మంది చనిపోయినారు. మా సైట్‌కి వచ్చే డ్రైవర్లలో ఇద్దరు బిష్ణోయీలు, బండి ముందు సాండా అడ్డమొస్తే ఇంజన్ ఆపి దిగి, అది పోయేదాకా నిలబడతారు. "రాజస్థాన్ రాజుల తైలం" అని రీల్ చేసే తమ్ముడూ, రాజస్థాన్ అంటే ఇది కూడా.

ఇప్పుడు నూనె దగ్గరికొస్తా.

వానలు పడినాక ఆగస్టు, సెప్టెంబర్‌లో ఇక్కడ గడ్డి ఒక్కసారి లేస్తుంది, సేవణ్ గడ్డి అని మోకాలు దాకా వస్తుంది, అప్పుడు సాండాలు తింటాయి, తింటాయి, తింటూనే ఉంటాయి. తిన్నదంతా పొట్ట అడుగున, తోక మొదట్లో కొవ్వుగా దాచుకుంటాయి. నవంబర్‌లో చలి తగలగానే కలుగులోకి పోయి తలుపు మూసుకుంటే ఇంక ఫిబ్రవరి దాకా మెతుకు లేదు. ఆ నాలుగు నెలల రేషన్ ఆ కొవ్వే. బయటికొచ్చినాక వెంటనే జత కడతాయి, ఎండాకాలంలో ఆడది పది, పదిహేను గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లకి పెట్టుబడి కూడా చాలావరకు ఆ దాచుకున్నదాని నుంచే. అంటే మన ఇళ్ళల్లో పాత రోజుల్లో గాదెలో వడ్లు ఉండేవి చూడండి, తినడానికీ అవే, మళ్ళీ విత్తనానికీ అవే, అట్లాంటిది. మీరు సీసాలో కొనేది ఆ గాదెని.

ఎట్లా తీస్తారో కూడా వినండి, రీల్‌లో చూపించరు కాబట్టి. పట్టుకున్న సాండా పారిపోకుండా నడుము ఎముక విరిచేస్తారు. చంపరు. చంపితే "తాజా" కాదు కదా. నడుము విరిగినా అది రోజుల తరబడి బతికే ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటుంది, అట్లే సంచిలో వేసుకొని ఊరూరా తిప్పుతారు, ఫుట్‌పాత్ మీద ఒక గుడ్డ పరిచి నాలుగు బతికున్నవి వరసగా పెడతారు, కొనేవాడు వస్తే కళ్ళ ముందే కోసి ఆ కొవ్వు పెనం మీద కరిగించి ఇస్తారు. ఇటు మన దేశంలో, అటు పాకిస్తాన్‌లో రావల్పిండి, లాహోర్ బజార్లలో ఈ వ్యాపారం ఏళ్ళ తరబడి నడుస్తోంది. అక్కడ బల్లులు గుడ్డ మీద కదలకుండా బుద్ధిగా కూర్చున్నట్టు కనిపిస్తాయి, జనం "చూడు ఎంత సాధు జంతువో" అనుకుంటారు. కదలలేవు, అంతే.

ఇంత చేసి తీసిన దాంట్లో ఏముంది? ల్యాబుల్లో పరీక్ష చేసి చూస్తే ఒలీయిక్, పాల్మిటిక్, లినోలీయిక్ లాంటి కొవ్వు ఆమ్లాలు. మన అనంతపురం వేరుశనగ నూనెలో ఉండేవి కూడా అవే అన్నా! రోజూ దోసె మీద వేసుకునేదే. మగతనం పెంచే పదార్థం అందులో ఏదీ లేదు. పైన రుద్దితే కాసేపు వెచ్చగా అనిపిస్తుంది అంటారు కొందరు, ఏ నూనె రుద్దినా అనిపిస్తుంది, మర్దనకే ఆ గుణం ఉంది. ఆ సమస్య నిజంగా ఉంటే, సిగ్గుపడకుండా చెప్పుకుందాం ఒకసారి, మనం మనం మగోళ్ళమే కదా, అది చాలాసార్లు రక్తనాళాల సమస్య, షుగర్ ముదరడం వల్ల రావచ్చు, బీపీ వల్ల రావచ్చు, సిగరెట్ల వల్ల, మందు వల్ల, నిద్ర లేకపోవడం, టెన్షన్ వల్ల రావచ్చు, కొన్ని బీపీ మాత్రల వల్ల కూడా రావచ్చు. గుండెకి రాబోయే సమస్యని కొందరిలో ఇదే ముందుగా చెప్తుంది, ఎందుకంటే అక్కడి నాళాలు గుండె నాళాల కంటే సన్నవి. అట్లాంటి హెచ్చరికని నూనె రుద్ది దాచిపెట్టుకోవడం ఏం తెలివి? బస్టాండ్ గోడల మీద "గుప్త రోగాలు, లాడ్జి రూమ్ నంబర్ ఫలానా, ప్రతి మంగళవారం" అని రాసి ఉండేవి చూసి మనం నవ్వుకుంటూ పెరిగినాం, ఇప్పుడు అదే లాడ్జి ఫోన్‌లోకి వచ్చింది, అంతే తేడా, ఇప్పుడు ఎవరూ నవ్వట్లేదు ఎందుకో. యూరాలజిస్ట్ దగ్గరికి పోండి, కనీసం ఊర్లో ఎంబీబీఎస్ డాక్టర్ దగ్గరికి పోయి షుగర్, బీపీ చూపించుకోండి. మోకాళ్ళ నొప్పులకి కొనే పెద్దాయనలు ఉంటే వాళ్ళకీ ఇదే మాట, నొప్పికి మర్దన కావాలంటే నువ్వుల నూనె ఉంది.

మా వాడి మాట గుర్తుందా, "ఇదంతా డూప్లికేట్ అంట, ఒరిజినల్ తీసుకురా". వాడు తెలివిగానే అడిగినాడు. నేను ఆ మాట పట్టుకొనే చెప్తా. ఆన్‌లైన్‌లో ఆ పేరుతో అమ్మేవాటిలో ఏది ఏ నూనెనో సీసా చూసి చెప్పలేం. అందులో బల్లి లేకపోతే నిన్ను మోసం చేసినట్టు, ఆవ నూనెకో ఇంకోదానికో రంగేసి వందలు గుంజినట్టు. అందులో బల్లి ఉంటే నువ్వు నేరంలో భాగం. సాండా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. పట్టినా, చంపినా, దాని శరీరంలోంచి తీసినది అమ్మినా, కొన్నా, దగ్గర పెట్టుకున్నా జైలుకి పోయే కేసు. దేశాల మధ్య జంతువుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అనే ఒప్పందంలో రెండో జాబితాలో కూడా ఉంది, ప్రపంచ రెడ్ లిస్ట్‌లో అంతరించే ముప్పు ఉన్న జీవుల వరసలో ఉంది. మరి నేను సంక్రాంతికి ట్రైన్‌లో రెండు సీసాలు బ్యాగులో పెట్టుకొని వస్తే, జోధ్‌పూర్ స్టేషన్‌లో ఎవడన్నా బ్యాగ్ తెరిస్తే, మా ఇంట్లో పండగ ఎట్లా జరుగుతుందో వాడే ఊహించుకోవాలి.

రీల్స్ చేసే తమ్ముళ్ళకి ఇంకో చట్టం సంగతి. 1954లోనే మందులు, మాయ వైద్యాల ప్రకటనల మీద ఒక చట్టం వచ్చింది, లైంగిక శక్తి పెంచుతుంది అని మందులకి యాడ్ వేయడమే అందులో నేరం. వస్తువు అసలుదా నకిలీదా అన్నది కూడా అక్కర్లేదు, ఆ మాట చెప్పి ప్రచారం చేస్తే చాలు. మీకు ప్రమోషన్‌కి వచ్చే డబ్బు ఎంతో నాకు తెలియదు, కేసు ఖర్చులకి సరిపోతుందేమో లెక్క వేసుకోండి. ఇంకోటి, మీ వీడియోల్లో సగం ఉడుముని చూపించి సాండా అంటున్నారు. ఉడుము మన ఆంధ్ర, తెలంగాణ పొలాల్లో ఉండే జంతువు, దానికి కూడా గట్టి చట్ట రక్షణ ఉంది, మీ వీడియో చూసి నల్లమల పక్కనో ఎక్కడో ఒకడు "మన దగ్గర కూడా దొరుకుతుందిరోయ్" అని కర్ర పట్టుకొని బయలుదేరితే ఆ పాపం ఎవరి ఖాతాలో వేయాలి?

ఒక్క బల్లి పోతే ఏమైతుందిలే అనేవాళ్ళు ఉంటారు. ఈ ఎడారిలో అందరికీ టిఫిన్ సెంటర్ ఇదే. గడ్డిని మాంసంగా మార్చే చిన్న జంతువు, పగలు బయట తిరిగేది, ఎవరి కలుగు వాళ్ళదే అయినా పక్కపక్కనే గుంపుగా ఉండేది. లగ్గర్ డేగకి పిల్లల్ని సాకడానికి సాండా కావాలి, గద్దలకి కావాలి, ఎడారి నక్కకి, ఉడుముకి, పాములకి కావాలి. చురు జిల్లాలో తాల్ ఛాపర్ అని కృష్ణజింకల అభయారణ్యం ఉంది, జింకల కోసం పోయినోళ్ళు చలికాలం ముందూ వెనకా అక్కడ గద్దల రకాలు చూసి ఆశ్చర్యపోతారు, అన్ని గద్దలు రావడానికి ఒక కారణం కింద నేల నిండా ఉన్న సాండా కలుగులు. బట్టమేక పిట్ట, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద పక్షి, అది కూడా దొరికితే సాండాని వదలదు. బట్టమేక అనగానే మా నంద్యాల వాళ్ళకి గుండెలో కలుక్కుమంటుంది, మా రోళ్ళపాడులో దాని కోసమే అభయారణ్యం పెట్టినారు, నా చిన్నప్పుడు మా నాయన సైకిల్ మీద తీసుకుపోయి దూరం నుంచి ఒకదాన్ని చూపించినాడు, మనిషి నడుం ఎత్తున దర్జాగా నడుచుకుంటూ పోతా ఉండె. ఇప్పుడు రోళ్ళపాడులో బోర్డు ఉంది, పిట్ట లేదు. దేశం మొత్తం మీద 150కి అటూ ఇటూ మిగిలినాయి అంటారు, ఎక్కువ భాగం ఈ జైసల్మేర్‌లోనే. నేను ఇక్కడ ఒకే ఒక్కసారి చూసినా, చూసినప్పుడు నాయనకి ఫోన్ చేసినా.

ఇక్కడ నా నోరు నేనే కొంచెం నొక్కుకోవాలి, ఎందుకంటే మీలో ఎవరో ఒకరు "నువ్వు పని చేసేదే సోలార్ ప్లాంట్‌లో, నువ్వు చెప్తున్నావా" అని అడుగుతారు. అడగండి, న్యాయమే. ఇక్కడ రెవెన్యూ కాగితాల్లో ఈ నేలకి పేరు బంజరు. సాండాకి కావాల్సిన గట్టి చదును నేలే మా ప్యానెళ్ళకి కూడా కావాలి, ఖచ్చితంగా అదే నేల. భడ్లా పార్క్ ఒక్కటే 2,245 మెగావాట్లు, దాదాపు 14,000 ఎకరాలు. మేము నేల చదును చేసే గ్రేడర్ బండి తోలిన రోజు ఆ కలుగుల తలుపులు లోపల నుంచి వేసి ఉన్నాయో లేదో ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు, అప్పటికి నాకు అవి తలుపులని తెలియదు. కాలువ నీళ్ళు వచ్చిన చోట పొలాలు అయినాయి, పొలం దున్నినాక కలుగు ఉండదు. ఇంకోవైపు మనం సర్కారు తుమ్మ అనేది, ఇక్కడ విలాయతీ బబూల్ అంటారు, ఎడారిని పచ్చగా చేస్తామని ఒకప్పుడు ప్రభుత్వాలే నాటినాయి, కచ్‌లో బన్నీ గడ్డి మైదానాన్ని అది మింగేసింది, దాని నీడ కింద గడ్డి రాదు, సాండా ఉండదు. చెట్టు పెడితే మంచిదే అనుకుంటాం కదా, అన్ని చోట్లా కాదు, ఎండ కావాల్సిన జంతువుకి నీడ కూడా ఆక్రమణే. కాబట్టి సాండాకి ఇప్పుడు ఉన్న కష్టాలు చాలు, అందులో మా వాటా ఉంది, నేను ఒప్పుకుంటున్నా. మా సైట్‌లో ఇప్పుడు కేబుల్ గుంతలు తవ్వే ముందు కలుగుల చుట్టూ సున్నం గీసి వదిలేస్తున్నాం, మేనేజర్‌ని ఒప్పించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది, చేయాల్సినదాంట్లో అది కొంచెమే. నేల మనం తీసుకోవడం అనేది కరెంటు కోసం, రోడ్డు కోసం, పంట కోసం, దాని మీద వాదించుకోవచ్చు. నూనె కోసం నడుం విరవడం మీద ఏం వాదిస్తాం?

అందుకని అడిగేవి ఇవే. కొనేవాళ్ళు కొనకండి, ఆల్రెడీ ఆర్డర్ పెట్టి ఉంటే క్యాన్సిల్ కొట్టండి, ఆ లింక్‌ల కింద రిపోర్ట్ బటన్ ఉంటుంది, వన్యప్రాణి అని రాసి కొట్టండి, అటవీ శాఖకి గానీ వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకి గానీ ఒక మెయిల్ పెట్టండి, స్క్రీన్‌షాట్ జత చేస్తే చాలు. వాట్సాప్ గ్రూపుల అడ్మిన్‌లు, ముఖ్యంగా పదో తరగతి బ్యాచ్ గ్రూపులు, అక్కడే ఎక్కువ తిరుగుతాయి ఇవి, ఎవడన్నా ఫార్వర్డ్ చేస్తే నవ్వుతున్న బొమ్మ పెట్టి వదిలేయకండి. జైసల్మేర్ టూర్‌కి వచ్చే మన తెలుగు ఫ్యామిలీలు, టూర్ నడిపే అన్నలు, ఇక్కడ ఎవరన్నా చాటుగా సీసా చూపిస్తే తీసుకోకండి, దానికి బదులు డ్రైవర్‌ని అడిగి పొద్దున తొమ్మిదిన్నరకి గడ్డి మైదానం వైపు బండి ఆపించుకోండి, మార్చి, ఏప్రిల్ అయితే ఖాయంగా కనిపిస్తుంది, దూరంగా నిలబడండి, బైనాక్యులర్ ఉంటే ఇంకా మంచిది. కలుగు దగ్గరికి పోయి సెల్ఫీ అంటే లోపలికి పోయి ఇంక గంట బయటికి రాదు.

మా వాడికి కూడా ఈ లేఖే రిప్లైగా పంపుతున్నా. ఒరేయ్, పేరు పెట్టలేదు, భయపడకు. సంక్రాంతికి నీకు రెండు సీసాలు కాదు, నంద్యాలలో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకొని పెడతా, తోడు కూడా వస్తా, మీ నాయనకి షుగర్ ఉంది, నీకు నలభై దాటినాయి, ఇద్దరం కలిసి చూపించుకుందాం.

షెడ్డు వెనకాల సాండా మొన్న మంగళవారం నుంచి బయటికి రావట్లేదు. తలుపు వేసేసుకుంది. వంట మాస్టర్ అక్కడ నీళ్ళు పారబోయకుండా చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టినాడు, నేను చెప్పకుండానే. ఫిబ్రవరి ఆఖర్లో మట్టి కదిలినప్పుడు ఫోటో తీసి పంపిస్తా.

ఇట్లు,
మీలో ఒకడు,
జైసల్మేర్ జిల్లా నుంచి